ఇంజన్లకి ముక్కులు పెట్టిన మనిషి

ముందే చెప్పేస్తున్నాను. నేను ఉన్నదున్నట్టు చెప్పే రకం కాదు. మా ఇంట్లో పిల్లి ఈనితే వీధిలో పులి ఈనిందని చెబుతాను. నేను ఏం చెప్పినా మా ఆవిడ ముందు పదితో భాగించి, మిగిలినదాంట్లో కాస్త తరుగు తీసి, ఆ తర్వాతే నమ్ముతుంది. మా కాపురం పాతికేళ్ళుగా ఆ లెక్క మీదే సాఫీగా సాగుతోంది. మీరూ అలాగే చదువుకోండి. అయితే ఒక్క మాట ఇస్తున్నాను. ఇందులో పెంచి చెప్పినవి ఎన్నయినా ఉండొచ్చు గానీ, పూర్తిగా కల్పించింది ఒక్కటే. అదేమిటో చివర్న నేనే ఒప్పుకుంటాను.

పోయిన వారం సామర్లకోట రైలు గేటు దగ్గర నా మోటారుసైకిలు ఆగింది. ముందర ఊక లారీ. మా వైపు రైసు మిల్లుల్లో ధాన్యం ఆడాక మిగిలిన ఊకని ఇటుకల బట్టీలకి మోసే బండి అది. లోడు మీద లోడు వేసి, చుట్టూ పట్టాలు బిగించి కడితే, రెండంతస్తుల మేడ రోడ్డు మీద నడిచి వెళ్తున్నట్టుంటుంది. సరే, అంతస్తున్నర. ఆ బండి క్యాబిన్ పక్కనుంచి ఒక రేకు గొట్టం నిటారుగా లేచి, టాపు దాటాక మెడ వెనక్కి తిప్పి చూస్తోంది. దాని నోటికి పిండి జల్లెడ. నడుముకి లోపలిది కనబడే ఆవకాయ డబ్బా ఒకటి. మెడకి ఒక గుడ్డ పీలిక. ఒకప్పుడు అది తెల్లగుడ్డ.

గేటు లేచింది. లారీ కదిలింది. నా వెనక ఓ పాతిక బళ్ళు హారన్లు కొట్టాయి. నేను కదల్లేదు. ఆ పనితనం ఎవరిదో నాకు తెలుసు. ఆయన పోయి ఏడాది దాటింది. ఆయన పెట్టిన ముక్కుతో ఆ బండి ఇంకా హాయిగా ఊపిరి పీలుస్తోంది.

ఆయన పేరు చెప్పను. చెప్పినా ఎవరికీ తెలీదు. అందరూ గాలి మేస్త్రిగారనేవాళ్ళు. టైర్లలో గాలి కొట్టేవాడనుకుని కొత్తవాళ్ళు పంచరైన ట్యూబులు పట్టుకొచ్చేవారు. "ఆ గాలి కాదండి, ఈ గాలి" అని ఆయన తన ముక్కు చూపించేవారు. ఆయన పనల్లా లారీ ఇంజనుకి మంచి గాలి ఎక్కడ దొరుకుతుందో వెతికి, అక్కడికి దాని ముక్కు చేర్చడం. మా చుట్టుపక్కల బళ్ళన్నిటికీ మంచి గాలి చూపించిన ఆ మనిషికి తన వంతు గాలి మాత్రం దొరకలేదు. మేస్త్రి కాకముందు పదిహేనేళ్ళు రైసు మిల్లులో ఊక గొట్టం కింద నిలబడి పనిచేశారు. ఆ ఊక ఆయన గుండెల్లో ఉండిపోయింది. ఊపిరి పీలిస్తే లోపల రెండు ఈలలు వినిపించేవి, ఒకటి హెచ్చు శ్రుతి, ఒకటి తగ్గు. దగ్గితే చలికాలం పొద్దున్నే పాత లారీ స్టార్టు చేసినట్టుండేది. మొదట నాలుగు సార్లు అందుకోదు, అయిదోసారి అందుకుని ఇక ఆగదు.

మనిషి పొట్టి, సన్నం. నడుస్తుంటే మెడ మనిషికన్నా జానెడు ముందు వెళ్ళేది. ఎక్కడ నిలబడినా ముందు రెండుసార్లు ముక్కు ఎగబీల్చి, ఓ రెండడుగులు పక్కకి జరిగి, మళ్ళీ ఎగబీల్చి, అప్పుడు స్థిమితపడేవారు. పెళ్ళి భోజనాల్లో మూడు కుర్చీలు మారేవారు. చర్చిలో ఎడమవైపు మూడో కిటికీ ఆయనది. పక్కవాళ్ళు దాన్ని భక్తి అనుకున్నారు గానీ, అది గాలివాటం. ఎవరికైనా సంబంధం వచ్చి పిల్ల ఫోటో చూపిస్తే, "పిల్ల ముక్కు బాగుందండి. గాలి బాగా ఆడుద్ది" అని చెప్పేవారు. ఆ మాట మీద ముహూర్తాలు పెట్టుకున్నవాళ్ళున్నారు.

"ముందు ముక్కు, తర్వాత మూతి." ఇది ఆయన సామెత. డీజిలు మూతికి సంబంధించింది, గాలి ముక్కుకి. "లీటరు డీజిలు తాగిందంటే గదెడు గాలి పీల్చాలండి ఇంజను. అందరూ బంకు దగ్గర డీజిలు కల్తీయా అని వాసన చూస్తారు. గాలి కల్తీయా అని ఒక్కడూ చూడడు." ఆ గదెడు లెక్క నేను పెంచానేమోనని ఒక ఇంజనీరుగారిని అడిగాను. చిన్న గదయితే నిజమేనన్నాడు. నా జీవితంలో భాగించక్కర్లేని మాట అదొక్కటే దొరికింది.

నేను ఆయన దగ్గరికి చేరడానికి కారణం నా లారీ. అప్పట్లో నాకొక పాత లారీ ఉండేది. దానికొక డ్రైవరు, సత్తిబాబు. ఊక లోడుతో కాలవ వంతెన ఎక్కాలంటే ఆ బండి తద్దినం పెట్టేది. నల్లటి పొగ. ఆ పొగకి కాలవగట్టు మీద ఆరేసిన చీరలన్నీ ఒకే రంగుకొచ్చేసేవి. వంతెన సగం దాకా ఎక్కి, ఆయాసపడి, వెనక్కి జారేది. ఇద్దరు మెకానిక్కులు నాజిళ్ళు మార్చారు, పంపు మార్చారు, నా మనశ్శాంతి కూడా మార్చారు. పొగ మాత్రం మారలేదు. చివరికి ఎవరో చెబితే బండిని మిల్లు గోడ పక్కన ఉన్న ఆయన షెడ్డుకి తోలించాను.

ఆయన బానెట్ ఎత్తలేదు. బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, ముందు చక్రం పక్కన గొంతుక్కూర్చుని, ఎగబీల్చి, దగ్గి, లేచారు.

"ఏం మోస్తదండి బండి?"

"ఊకండి."

"పీల్చేది కూడా అదేనండి."

అప్పుడు చూపించారు. ఇంజను గాలి పీల్చే నోరు కింద, చక్రం పక్కనే ఉంది. చక్రం లేపిన దుమ్ము, లోడులోంచి రాలిన ఊక, ఇంజను వేడి, మొత్తం దాని నోట్లోకే. ఫిల్టరు విప్పి బోర్లిస్తే దోసెడు ఊక రాలింది. బస్తాడని రాద్దామనుకున్నాను గానీ, ఆయన సంగతి రాసేటప్పుడు చెయ్యి కాస్త వెనకాడుతోంది.

సత్తిబాబు పౌరుషపడ్డాడు. "నేను రోజూ దులుపుతానండి ఫిల్టరు!"

"ఎలా దులుపుతావు?"

"టైరుకేసి కొడతానండి."

మేస్త్రిగారు ఫిల్టరు కింద పెట్టి వాడి వంక తిరిగారు. "మీ ఆవిడకి జలుబు చేసి ముక్కు దిబ్బడేస్తే ఏం చేస్తావు? గోడకేసి కొడతావా?"

సత్తిబాబు ఆ రోజునించి భార్యతోనూ ఫిల్టరుతోనూ మర్యాదగా ఉన్నాడు.

ఇక ఆయన వైద్యం. షెడ్డులోంచి తన పాత పంచె ఒకటి తెచ్చి, చింపి, పన్నెండు పీలికలు చేశారు. ఒక్కొక్కటీ నీళ్ళలో ముంచి పిండి, బంపరుకొకటి, చక్రం పక్కనొకటి, తలుపు కిందొకటి, అద్దం దగ్గరొకటి, క్యాబిన్ వెనకొకటి, టాపు మీదొకటి, ఇలా లారీ ఒళ్ళంతా కట్టారు.

"లోడుతో కోరుకొండ దాకా ఎల్లి వచ్చెయ్. ఏ గుడ్డ తక్కువ మాస్తే అక్కడ ముక్కు పెడదాం. మనిషి చెప్పేది నమ్మకూడదు, నేను చెప్పినా సరే. గుడ్డ అబద్ధమాడదు."

ఈ మాట గుర్తుపెట్టుకోండి.

సత్తిబాబు వెళ్ళాడు. వెళ్ళినవాడు వెళ్ళినట్టు రాకుండా, కోరుకొండలో నరసింహస్వామి కొండ కింద బండి ఆపి, టీ తాగి, ఓ కునుకు తీశాడు. సాయంత్రం బండి తిరిగొచ్చింది. మేస్త్రిగారు లెక్కపెట్టారు. పన్నెండు వెళ్ళాయి, నలభై ఒకటి తిరిగొచ్చాయి.

"గుడ్డలు ఈనేయా ఏంటండి?" అన్నారు.

విషయమేంటంటే, కొండ కింద ఒళ్ళంతా తడిగుడ్డలు కట్టుకుని నిలబడ్డ లారీని చూసి, ఎవరో పెద్ద మొక్కు మొక్కుకున్నారనుకున్నారు జనం. అంత పెద్ద మొక్కు చూశాక ఊరికే వెళ్ళబుద్ధి కాలేదు. కొండెక్కే ఆడవాళ్ళు తమ ముడుపులు కూడా దానికే కట్టేశారు. పసుపు గుడ్డలో రూపాయి బిళ్ళ వేసి ఒకరు, అక్షింతలు వేసి ఒకరు. పిల్ల పెళ్ళికి ఒకటి, పిల్లాడి పరీక్షకి ఒకటి. ఎవరో బంపరుకి బొట్టుపెట్టి కొబ్బరికాయ కూడా కొట్టారు. సత్తిబాబు నిద్ర లేచేసరికి ఒకావిడ బండి చుట్టూ ప్రదక్షిణం చేస్తోందట. ఎనిమిదోది.

నేను పడీపడీ నవ్వాను. మేస్త్రిగారు నవ్వలేదు. ఆయన చర్చికెళ్ళే మనిషి. తాతల నాటి లూథరన్లు. అయినా ఆ ముడుపులు ఒక్కొక్కటీ ముడి జారకుండా, బిళ్ళ పడకుండా విప్పి, ఉతికిన తువ్వాలులో మూటకట్టి సత్తిబాబు చేతిలో పెట్టారు.

"మళ్ళీ ఎల్లు. ఈసారి మెట్లెక్కి, గుళ్ళో ఇచ్చి రా."

"ఇప్పుడాండి? మెట్లు ఆరువందలకి పైనేనండి!"

"వాళ్ళు దేవుడికి చెప్పుకున్నారు. నా గుడ్డలకి కాదు. నేనెక్కడ తీర్చగలనయ్యా? ఆ పిల్ల పెళ్ళి నా ఫిల్టరు దగ్గర ఆగిపోతే ఎవరు పూచీ?"

సత్తిబాబు మెట్లెక్కాడు. మర్నాడు కొత్త పీలికలు కట్టి, బండి ముందర ఒక అట్టముక్క తగిలించారు: 'ఇది మొక్కు కాదు. గాలి పరీక్ష.' అది చదివి ఒక పెద్దాయన, ఆ పరీక్ష పాసైతే గవర్నమెంటు ఉద్యోగమేనా అని అడిగాడట.

ఫలితం వచ్చింది. క్యాబిన్ టాపు మీద, ఎడమవైపు, వెనక్కి తిరిగి ఉన్న పీలిక అన్నిటికన్నా తెల్లగా ఉంది. తెల్లగా అంటే పాలలో కాస్త టీ కలిపిన రంగు. "రోడ్డు మీద ఇంతకన్నా తెలుపు ఉండదండి. ఉందంటే అనుమానించాలి" అన్నారు.

ఆ ముక్కు తయారీ నేను కళ్ళారా చూశాను. రేకు గొట్టం, పాత దానికన్నా లావుది. ఎక్కడా మొండి మలుపు లేదు, అన్నీ అరటిదొప్పలా వంపులే. "గాలిక్కూడా మోకాళ్ళుంటాయండి. గబుక్కున తిప్పకూడదు." నోరు వెనక్కి, వాన పడకుండా. నోటికి వాళ్ళావిడ పిండి జల్లెడ. అతుకులకి సైకిలు ట్యూబు ముక్కలు, వాటి మీద క్లిప్పులు. మధ్యలో ఆవకాయ డబ్బా, బరువైన దుమ్ము ఫిల్టరు దాకా పోకుండా అందులోనే రాలిపోయేలా. అసలు ఫిల్టరు మాత్రం ఉన్నచోటే ఉంది. దాన్ని ఎవరైనా తీసెయ్యమంటే ఆయనకి కోపం వచ్చేది. ఒక కుర్ర డ్రైవరు నా ఎదురుగానే అడిగాడు.

"ఫిల్టరు పీకేస్తే బండి ఇంకా లాగుద్దంట కదండి?"

"లాగుద్ది. పోయేవాడు కూడా ఆఖర్న ఓసారి లేచి కూర్చుని కాఫీ అడుగుతాడు. చూసి మురిసిపోకూడదు."

నా బండి వంతెన ఎక్కింది. ఎక్కిందనడం తక్కువ. వంతెనే దిగొచ్చిందేమో అనిపించింది. పొగ లేదు, ఆయాసం లేదు. కాలవగట్టు మీద చీరలు మళ్ళీ ఎవరి రంగులోకి అవి వచ్చాయి. సత్తిబాబు బండి దిగి, "బండి కాదండి, లేడిపిల్లండి" అని ఏడ్చాడు. కళ్ళు తడిశాయి, అంతే. మా ఆవిడ లెక్క ప్రకారం అది కూడా చెమట.

వారానికోసారి ఆవకాయ డబ్బా విప్పి మేస్త్రిగారికి చూపించాలి. ఆయన ఆ దుమ్ముని అరచేతిలో పోసుకుని, వేలితో రాసి, డాక్టరు రిపోర్టు చూసినట్టు చూసేవారు. "ఇది బట్టీ దుమ్ము. ఇది మిల్లు. ఈ తెల్లటిది..." అని నాలిక్కి తగిలించి, "ఉప్పు. ఉప్పాడ బీచి రోడ్డులో ఏం పనయ్యా నీకు?" అన్నారు ఒకసారి. సత్తిబాబు గతుక్కుమన్నాడు. అత్తారింటికి నా లారీ వేసుకెళ్ళిన సంగతి అలా బయటపడింది. వాడు అక్కడ ఏ కూర తిన్నాడో కూడా చెప్పారని నేను చాలామందికి చెప్పాను. అది అబద్ధం. కూర చెప్పలేదు.

గొట్టం అతుకుల్లో ఎక్కడైనా సందు ఉందేమో చూడటానికి ఆయన అగరుబత్తి వెలిగించేవారు. ఇంజను నడుస్తుండగా అతుకు చుట్టూ అగరుబత్తి తిప్పితే, సందున్న చోట పొగ చటుక్కున లోపలికి పోతుంది. అంతే శాస్త్రం. కానీ చూసేవాడికి ఎలా ఉంటుంది? ఒక మనిషి లారీ ముందు కళ్ళు చిట్లించి, ఊపిరి బిగబట్టి, అగరుబత్తి మూడుసార్లు తిప్పుతున్నాడు. పక్కన సత్తిబాబు చెప్పులు విప్పి, చేతులు జోడించి నిలబడ్డాడు. వాణ్ణెవరూ జోడించమనలేదు.

కబురు చర్చికి చేరింది. పాస్టరుగారు స్వయంగా మోటారుసైకిలు మీద వచ్చారు.

"ఏంటయ్యా, ఇంజనుకి ధూపం వేస్తున్నావంట?"

"ధూపం కాదండి అయ్యగారూ. పొగ ఎటు పోద్దో చూస్తన్నానండి."

"సంఘం అడుగుతోంది. నేనేం చెప్పాలి?"

"ఒక్క నిమిషం ఉండండి అయ్యగారూ" అని మేస్త్రిగారు ఆ అగరుబత్తిని అలాగే తీసుకెళ్ళి, పాస్టరుగారి మోటారుసైకిలు స్టార్టు చేసి, దాని చుట్టూ తిప్పారు. కార్బురేటరు దగ్గర పొగ చటుక్కున లోపలికి పోయింది. "ఇక్కడుందండి సందు. పెట్రోలు ఎక్కువ తాగుతోందని మొన్న అన్నారు కదండి."

రెండు క్లిప్పులు, ఓ ట్యూబు ముక్క. ఆ తర్వాత సంఘం ఆ ప్రస్తావన ఎత్తలేదు.

ఇంత తెలిసిన మనిషి తన ముక్కుకి మాత్రం ఏమీ కట్టుకునేవారు కాదు. భుజం మీద తువ్వాలు ఉండేది, దాంతో ఇంజన్లు తుడిచేవారు. కరోనా రోజుల్లో ఆయన ఊపిరికి ప్రమాదమని, నేను కాకినాడ నుంచి మంచి మాస్కులు రెండు పెట్టెలు తెప్పించి ఇచ్చాను. నాలుగు రోజులయ్యాక చూస్తే, మా ఊళ్ళో లారీలన్నీ మాస్కులు పెట్టుకుని తిరుగుతున్నాయి. జల్లెడ మీద చక్కగా సాగదీసి, రబ్బరు తాళ్ళు గొట్టానికి తగిలించారు. "బాగా పనిచేస్తన్నాయండి" అన్నారు. ఆ మాట అంటూ అయిదు నిమిషాలు దగ్గారు.

ఆ దగ్గు ముదిరింది. పని మధ్యలో స్పానరు కింద పెట్టి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి, ఊపిరి కోసం ఆగేవారు. రెండు ఈలలూ మూడయ్యాయి. రాజమండ్రిలో డాక్టరుగారు ఫిల్ములు చూసి, మందులు రాసి, అసలు మందు వేరే చెప్పారు. మిల్లు గోడ పక్క కాపురం మానెయ్యాలి. కనీసం పగటిపూట, మిల్లు నడిచే వేళయినా, వేరేచోట ఉండాలి. లేకపోతే ఏడాది కష్టమన్నారు.

ఆయన కదల్లేదు. బళ్ళు ఇక్కడికే వస్తాయన్నారు. నేను వెళ్ళి అడిగాను. మాది మిల్లుకి కాస్త దూరం, పెద్ద అరుగు ఖాళీగా ఉంది, మధ్యాహ్నాలు అక్కడికొచ్చి పడుకోండి అని.

"మీ గాలి మీరు పీల్చుకోండి బాబుగారూ. ఎవరింటి గాలి వాళ్ళది."

"గాలిక్కూడా పట్టాలున్నాయాండి?"

"ఉట్టినే తీసుకోకూడదండి. అయినా మీ గాలి మంచిదని ఎవరు చెప్పారు? మీరేగా?" అని నా వంక చూశారు. నా సంగతి ఆయనకి తెలుసు.

మర్నాడు వాళ్ళావిడ మా ఇంటికి వచ్చింది. నేను అక్కయ్యగారూ అంటాను, ఆవిడ నన్ను తమ్ముడుగారూ అంటుంది. పిల్లల్లేరు వాళ్ళకి. కుర్చీలో కూర్చోకుండా గుమ్మం పట్టుకుని నిలబడింది.

"తిండి కూడా కూర్చునే తింటన్నారండి, కూర్చునే పడుకుంటన్నారు. పడుకుంటే ఆడట్లేదంట ఊపిరి. డాక్టరు చెప్పినా వినరు, అయ్యగారు చెప్పినా వినరు. ఆయన మనిషి మాట వినరండి తమ్ముడుగారూ. గుడ్డ మాటయితే వింటారు."

అని కళ్ళొత్తుకుని వెళ్ళిపోయింది.

గుడ్డనే అడగమని ఆయన్ని ఒప్పించడానికి నాకు రెండు రోజులు పట్టింది. అడగ్గా అడగ్గా, ఒక ఆదివారం ఆయన ఇంకో పంచె చింపారు. అయిదు పీలికలు. తన ఇంట్లో ఒకటి, షెడ్డులో ఒకటి, చర్చి కిటికీకి ఒకటి, కాలవగట్టు మీద తూము దగ్గర ఒకటి, మా అరుగు మీద ఒకటి. "ఏడు రోజులండి. ఏది తక్కువ మాస్తే అక్కడ నా మంచం. ఇంకెవరూ మాట్లాడద్దు."

ఆ ఏడు రోజులూ ఊరు ఊరంతా పీలికల చుట్టూనే తిరిగింది. మనుషులు పనులకెళ్తూ ఆగి చూసి, వాటి రంగు గురించి మాట్లాడుకున్నారు. కాలవగట్టు పీలికని నాలుగో రోజున మేక తినేసింది. మేక మాత్రం ఆరోగ్యంగా ఉంది, కాబట్టి అక్కడ గాలి మంచిదేనని సత్తిబాబు వాదించాడు.

ఎనిమిదో రోజు పొద్దున్న మేస్త్రిగారు కర్ర పట్టుకుని, పది అడుగులకోసారి ఆగుతూ, పీలికలు ఏరుకున్నారు. ఆయన వెనక నేను, వాళ్ళావిడ, సత్తిబాబు. ఇంట్లోది బూడిద. షెడ్డుది బొగ్గు. చర్చిది ఫర్వాలేదు, చిక్కటి కాఫీ రంగు. "కానీ అక్కడ పడుకుంటే ప్రసంగం మధ్యలో గురక వస్తదండి" అన్నారు. ఆఖరికి మా అరుగు దగ్గరికి వచ్చారు. స్తంభానికి కట్టిన పీలిక విప్పి, ఎండకేసి పట్టి చూశారు.

మల్లెపువ్వులా ఉంది.

ఆయన దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని ఎగబీల్చారు. మళ్ళీ ఎండకి పట్టారు. లోపల మూడు ఈలలూ వినిపిస్తున్నాయి. నా వంక చూడలేదు. గుమ్మంలో నిలబడ్డ మా ఆవిడ వంక తిరిగారు.

"అమ్మా, మీ ఇంట్లో తెల్లబట్టలకి నీలిమందు వేస్తారాండి?"

"వేస్తానండి. ఏం, ఎందుకండి?"

"ఏం లేదమ్మా. వేసుకోవడం మంచిదే." పీలిక మడతపెట్టి జేబులో పెట్టుకున్నారు. "రేపు మంచం తెచ్చుకుంటానండి."

మర్నాడు రిక్షాబండి మీద మంచం వచ్చింది. దాంతోపాటు ఆరు గోనెసంచులు, ఓ ప్లాస్టిక్ డ్రమ్ము, సెలైన్ ఎక్కించే గొట్టాలు రెండు వచ్చాయి. గోనెలన్నీ విప్పి, కలిపి కుట్టి, మిల్లు ఉన్న వైపున అరుగు పొడుగునా పరదా కట్టించారు. పైన డ్రమ్ము. డ్రమ్ములోంచి సెలైన్ గొట్టాలు. గొట్టం మీది చిన్న చక్రం తిప్పితే చుక్క చుక్కగా నీళ్ళు పడి, గోనె ఎప్పుడూ తడిగా ఉంటుంది. దుమ్ము తడికి అంటుకుంటుంది, గాలి లోపలికొస్తుంది. ఇంజన్లకి పెట్టినట్టే, మా ఇంటికి ముక్కు పెట్టారు. పని చేసింది సత్తిబాబూ నేనూ. ఆయన మంచం మీద కూర్చుని, చుక్కలు ఎక్కువ పడుతున్నాయి, తక్కువ పడుతున్నాయి అని చెప్పారు.

"మా గాలి శుభ్రమే కదండీ మేస్త్రిగారూ. గుడ్డ చెప్పింది కదా. ఇదంతా ఎందుకండి?" అన్నాను.

"గుడ్డ చెప్పిందండి" అన్నారు ఆయన. కాసేపు ఊపిరి తీసుకున్నారు. "చెప్పిన మాట నిలబెట్టాలి కదండి."

అయిదు నెలలు ఆయన మధ్యాహ్నాలన్నీ మా అరుగు మీదే గడిచాయి. రెండో వారం నుంచి మంచం మీద వెల్లకిలా పడుకున్నారు. పడుకుని నిద్రపోయారు. అక్కయ్యగారు పక్కన పీట మీద కూర్చుని, నిద్రపోతున్న మనిషిని, సినిమా చూస్తున్నంత శ్రద్ధగా చూసేది. మూడు ఈలలు ఒకటయ్యాయని నేనంటే, రెండని మా ఆవిడ సరిచేసింది. లారీలు మా ఇంటి ముందే ఆగడం మొదలుపెట్టాయి. ఆయన మంచం మీంచే డబ్బాల్లో దుమ్ము చదివి, చీటీలు రాసిచ్చేవారు.

తర్వాత చలికాలం వచ్చింది. చలిమంచుకి ఆయన ఛాతీ తట్టుకోలేదు. రాజమండ్రి ఆసుపత్రిలో చేర్చాం. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం పెట్టారు. జీవితంలో మొదటిసారి ఆయన ముక్కు మీద ఏదో ఒకటి నిలిచింది. నేను చూడ్డానికి వెళ్ళేసరికి కళ్ళు మూసుకుని, వేళ్ళతో ఆ గొట్టాన్ని సిలిండరు దాకా తడుముకుంటూ వెళ్తున్నారు. మంచం కోడు దగ్గర ఆగారు. నర్సమ్మని సైగచేసి పిలిచారు.

"ఇక్కడ మడత పడిందమ్మా. వంపుగా తిప్పాలి. గాలిక్కూడా మోకాళ్ళుంటాయి."

నర్సమ్మ సరిచేసింది. పక్క మంచం గొట్టం కూడా చూడమన్నారు. అది కూడా మడత పడే ఉంది. రెండు రోజులకి పోయారు. పక్క మంచం మనిషి కోలుకుని ఇంటికెళ్ళాడు.

ఇక నేనిచ్చిన మాట. పూర్తిగా కల్పించిన ఆ ఒక్కటీ ఏమిటో చెప్పాలి.

నలభై ఒక్క గుడ్డలు కాదు. అవి నిజంగా నలభై ఒకటే, నేను లెక్కపెట్టాను. మాస్కులు నిజం, పాస్టరుగారు నిజం, మేక నిజం.

కల్పించింది మా అరుగు మీది పీలిక.

ఏడో రోజు పొద్దున్న చూస్తే, మా స్తంభానికి ఆయన కట్టిన గుడ్డ చర్చిదానికన్నా నల్లగా ఉంది. మిల్లు దూరమని నేను చెప్పుకోవడమే గానీ, గాలివాటం సరిగ్గా మా వైపే. ఆ పీలిక విప్పి పొయ్యిలో పడేసి, బీరువాలోంచి నా పంచె తీసి, చింపి, అదే కొలతకి కట్టాను. ముప్ఫై ఏళ్ళుగా అబద్ధాలాడుతున్నవాణ్ణి. ఆయన పంచెకి నీలిమందు ఉండదనీ, నా పంచెకి ఉంటుందనీ తోచనే లేదు. రోడ్డు మీద అంత తెలుపు ఉండదని ఆయనే నాకు చెప్పి ఉన్నా తోచలేదు.

గోనె పరదా కట్టిన వారం తర్వాత ఆయనే ఇంకో పీలిక కట్టారు, తన పంచెది. ఏడు రోజులయ్యాక విప్పి, ఎండకి పట్టి చూసి, నా చేతిలో పెట్టారు. పాలలో కాస్త టీ కలిపిన రంగు.

మిగతాదంతా మీ ఇష్టం, పదితో భాగించుకోండి. పరదాని మాత్రం భాగించకండి. ఇప్పటికీ అరుగు మీద అలాగే ఉంది. మధ్యాహ్నం అక్కయ్యగారు వచ్చి దాని ఇవతల పీట వేసుకుని కూర్చుంటుంది. పొద్దున్నే లేచి డ్రమ్ము నింపేది నేనే.